ఫార్మాట్ నరేశ్

సిరిసిల్లలో కంప్యూటర్ ఖరాబైందంటే జనం రెండు మాటలు చెబుతారు. మొదటిది, "పాత బస్టాండ్ సందుల నరేశ్ ఉన్నడు, ఆయిన దగ్గరికి తీస్కపో." రెండోది కాస్త నవ్వుతూ చెబుతారు, "లోపల ఏమన్న దాసుకున్నవి ఉంటె ముందే తీస్కో. ఆయిన చెయ్యి పెట్టిండంటె ఫార్మాటే." అట్లా పడింది అతనికి ఆ పేరు, ఫార్మాట్ నరేశ్. అతని పెళ్లి పత్రిక మీద కూడా ఎవడో కొంటెవాడు పెన్నుతో ఆ ముక్క చేర్చి సందంతా తిప్పాడు. నరేశ్ నవ్వి ఊరుకున్నాడు. ఆ పేరు తనకు ఎంత సరిగ్గా అతికిందో తనకు తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, నవ్వడం తప్ప ఏం చేస్తాడు!

నరేశ్ పుట్టింది సాంచాల మోతలో. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. తండ్రి ఒక ఆసామి దగ్గర సాంచాలు నడిపేవాడు, తల్లి కండెలు చుట్టేది. ఇంటర్ తప్పిన ఏడు నరేశ్ ఖరాఖండిగా చెప్పేశాడు, "నేను సాంచాల కాడ నిలవడ. ఏమన్న చెయ్యమను, గది మటుకు చెయ్య" అని. కరీంనగర్ పోయి ఆరు నెలల హార్డ్‌వేర్ కోర్సు చేశాడు. అక్కడే ఒక రిపేరు దుకాణంలో రెండేళ్లు పని చేశాడు. ఆ రెండేళ్లలో ఒంటబట్టిన విద్య ఒక్కటే. కంప్యూటర్ మధ్యలో ఆగిపోతుందా, ఫార్మాట్ కొట్టు. నత్తనడక నడుస్తుందా, ఫార్మాట్ కొట్టు. నీలం తెర వస్తుందా, ఇంకేం ఆలోచన, కొట్టు! లోపలున్నదంతా తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కిస్తే సగం రోగాలు వాటంతటవే పోతాయి. ఉన్న మాట చెప్పుకోవాలి, నిజంగానే పోతాయి. పదింటికి ఏడు బాగుపడతాయి. తక్కిన మూడింటి గురించి ఎవడు పట్టించుకుంటాడు? వెనకట ఆరెంపీ డాక్టరు జ్వరానికీ, నడుంనొప్పికీ ఒకటే సూది వేసినట్టు, నరేశ్ కూడా వచ్చిన ప్రతి డబ్బాకూ అదే మందు వేశాడు. వచ్చినవాళ్లు సంతోషంగా పోయారు. సిరిసిల్లకు తిరిగొచ్చి సొంత దుకాణం తెరిచి మూడు నెలలు తిరగకముందే బల్ల మీద పెట్టేందుకు చోటు లేనన్ని కంప్యూటర్లు వచ్చి పడ్డాయి.

అప్పుడొచ్చింది మమతారాణి కంప్యూటర్. ఇది పదేళ్ల కిందటి మాట.

మమతారాణి పర్శరాములు బిడ్డ. పర్శరాములుకు సొంతంగా నాలుగు సాంచాలు ఉండేవి, లంగాల గుడ్డ నేసేవాడు. నరేశ్ తండ్రికి చిన్నప్పటి దోస్తు, నరేశ్‌కు వరసకు కాక, అంటే బాబాయి. ఆ మనిషి చేతులకు ఆ వాడలో పెద్ద పేరు. సాంచా మొరాయిస్తే ఎవరూ మెకానిక్ కోసం పరిగెత్తేవాళ్లు కాదు, పర్శరాములు కోసం పరిగెత్తేవాళ్లు. కుట్టుమిషను, నీళ్ల మోటరు, పెండ్లింటి సీరియల్ లైట్లు, ఏదైనా సరే. ఒక చేత్తో బీడీ పట్టుకుని, రెండో చేత్తో అలా తడిమి, "గిదేనుల్లా, దీనికే ఇంత లొల్లి పెట్టిన్రు" అని సరిచేసి పోయేవాడు. పైసలిస్తే తీసుకోడు, చాయ్ ఇస్తే తాగుతాడు.

అలాంటి మనిషికి ఒక్కగానొక్క బిడ్డ. డిగ్రీ చదువుతూనే మూడు నెలలు చీరల డిజైన్ నేర్చుకుంది. నేర్చుకున్నది ఊరికే పోనివ్వొద్దని, మూతపడ్డ ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి పర్శరాములు పాత కంప్యూటర్ ఒకటి ఎత్తుకొచ్చాడు. ఇల్లంటే ఒకటే అర్ర, అందులో వంటా పడకా. అందుకని సాంచాల షెడ్డులోనే ఒక మూల బల్ల వేశాడు. సాంచాల లైను నుంచి తానే తీగ గుంజి, గోడకు వరసగా క్లిప్పులు కొట్టి, కొత్త బోర్డు బిగించి, దానికి పసుపు కుంకుమ పెట్టాడు. ఆ పిల్ల రోజూ ఆ మోత మధ్యలో కూర్చుని చీర అంచులు గీసేది. ఒక్కో పోగుకు ఒక్కో గడి. అట్లా వందల గడులు ఒక్కొక్కటీ నింపితే ఒక పువ్వు. తంగేడు పువ్వు అంచు, గునుగు పువ్వు అంచు, చింతాకు అంచు, గోదారి అల అంచు. రెండేళ్లలో ముప్పై నాలుగు గీసింది. ఇరవై రెండేళ్ల పిల్ల, వాటికి పేర్లు పెట్టి మరీ పిలుచుకునేది.

ఊరి బయట టెక్స్‌టైల్ పార్కులో కొత్తగా చీరల యూనిట్ పెడుతున్న ఒక షావుకారికి డిజైన్లు వేసేవాళ్లు కావలసివచ్చారు. సోమవారం పొద్దున నీ పని పట్టుకుని రా, చూస్తాను అన్నాడు మమతారాణితో. గురువారం నాడు కంప్యూటర్ ఆగిపోయింది. మళ్లీ పెడితే పది నిమిషాలు నడిచి టప్పున ఆగింది. ఇంకోసారి పెడితే అసలు లేవనేలేదు. తండ్రి సైకిల్ క్యారియర్‌కు డబ్బా కట్టి నరేశ్ దుకాణానికి తెచ్చాడు, వెనకాలే పిల్ల నడుచుకుంటూ వచ్చింది.

"సోమారం నాటికి కావాలె నరేశా, బిడ్డకు పరీచ్చ అసొంటిది," అన్నాడు పర్శరాములు. "నేనే ఇప్పి చూద్దుననుకున్న. గని ఇది నా ఇలాఖా కాదు, నీ ఇలాఖా."

"ఫికర్ చెయ్యకు కాక, రేపు పొద్దుగాలకు అయిపోతది," అని నరేశ్ ధీమాగా చెప్పాడు. చెప్పి, అలవాటు ప్రకారం మమతారాణిని అడిగాడు, "సీ డ్రైవ్‌ల ఏమన్న ఉన్నయా చెల్లే?"

"సీల గిట్ల నేనేం పెట్టలే అన్నా. అన్నీ ముందటనే ఉన్నయ్. తెరువంగనే కనవడ్తయ్," అంది ఆ పిల్ల.

ఇక్కడ తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. కంప్యూటర్ తెరవగానే ఎదురుగా తెర మీద కనిపించేవన్నీ నిజానికి ఉండేది ఆ సీ డ్రైవ్‌లోనే. పాపం, ఆ పిల్లకేం తెలుసు, చీరలు గీయడం నేర్పినవాళ్లు ఆ సంగతి నేర్పలేదు. నరేశ్‌కు మాత్రం తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆమె అన్న మాట చెవిన పడింది కూడా. కానీ అదే నిమిషంలో ఒక కాలేజీ వాళ్లు ఫోన్ చేశారు, పాతిక కంప్యూటర్లు చూడాలట. మనసు ఆ పాతికల మీదికి పోయింది. "ఆఁ ఆఁ, సరే చెల్లే," అన్నాడు. కొంప మునిగింది అక్కడే.

మరునాడు పొద్దున్నే డబ్బాను బల్ల మీద పెట్టి, సీడీ వేసి, ఫార్మాట్ కొట్టాడు. రెండు నిమిషాల పని. విండోస్ ఎక్కడం మొదలై సగంలో ఉండగా టప్పున ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆగిపోయింది. మూడోసారి ఆగేసరికి అతనికి చిర్రెత్తి, పక్క రేకు ఊడబీకి లోపల చెయ్యి పెట్టాడు. సుర్రుమని వేళ్లు కాలాయి. ప్రాసెసర్ మీది ఫ్యాను తిరగడంలేదు. తిరగడం అటుంచి, అసలు కనిపించడంలేదు. దాని రెక్కల మధ్య, దాని కిందున్న రేకుల సందుల్లో పత్తి నూగు బొంత కుట్టినట్టు దట్టంగా కూరుకుని ఉంది. రెండేళ్ల సాంచాల నూగు. లోపలి వేడి బయటికి పోయే దారిలేక, కాలిపోకుండా ఉండేందుకు ఆ డబ్బా తనను తాను ఆర్పేసుకుంటోంది. రోగం అంతే. బ్రష్షుతో పది నిమిషాలు దులిపితే పోయేది.

దులిపాడు. కాస్త పేస్టు రాసి ఫ్యాను బిగించాడు. కంప్యూటర్ కొత్త పెళ్లికూతురిలా చక్కగా లేచింది. విండోస్ ఎక్కింది. నీలి ఆకాశం, పచ్చ గడ్డి ఉన్న ఆ కొత్త తెర వచ్చింది. దాని మీద చెత్తబుట్ట బొమ్మ ఒక్కటే ఉంది.

అన్నీ ముందటనే ఉన్నయ్ అన్నా.

నరేశ్ అట్లాగే స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు మొదలుపెట్టాడు చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. పోయినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు నాలుగు వేశాడు. కరీంనగర్ పాత యజమానికి ఫోన్ చేశాడు. మూడుసార్లు మీదమీద విండోస్ ఎక్కించాక ఇంకేం మిగులుతుంది? ఆదివారం మధ్యాహ్నానికి ఏడు ఫైళ్లు దొరికాయి. ఒక్కటీ పూర్తిగా తెరుచుకోలేదు. ఒక్కటి సగం తెరుచుకుంది, అందులో తంగేడు పువ్వు పైరెక్కలు రెండు పచ్చగా కనబడి, ఆ కింద అంతా చెదిరిన గడులు. నరేశ్ ఆ రెండు రెక్కలను చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆదివారం సాయంత్రం డబ్బా ఎత్తుకుని పర్శరాములు ఇంటికి బయలుదేరాడు. నిజమే చెబుదామనుకున్నాడు. దారంతా అనుకుంటూనే పోయాడు. తప్పయింది చెల్లే, నాదే తప్పు, కొట్టినా పడతాను అని. షెడ్డు గడప దాకా ఆ మాటలు నోట్లోనే ఉన్నాయి. లోపల్నుంచి మమతారాణి పరుగున వచ్చి, "నా అంచులు ఉన్నయా అన్నా?" అంది.

"డిస్కు కాలిపోయింది చెల్లే," అన్నాడు నరేశ్.

ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో అతనికే తెలియదు. కానీ వచ్చేసింది. ఒక అబద్ధం నోరు దాటాక దానికి తోడు కావాలి. "కరెంట్ దెబ్బ తాకినట్టున్నది," అన్నాడు. "ఏ లైను మీద పెట్టిన్రు దీన్ని?"

"గిదో, గీ సాంచాల లైనుదే. నేనే గుంజిన," అని పర్శరాములు గోడకు వరసగా కొట్టిన క్లిప్పులు చూపించాడు. ఎంతో ముచ్చటపడి చూపించాడు. "ఎందుకు, అట్ల గుంజద్దా?"

నరేశ్ తల వంచుకుని, "సాంచాలు బందయినప్పుడు, షురువైనప్పుడు కరెంట్ ఎక్కువ తక్కువ అయితది కద కాక. గందుకే పోయి ఉంటది," అన్నాడు.

పర్శరాములు ఆ తీగ వంక ఒకసారి, తన చేతుల వంక ఒకసారి చూసుకున్నాడు. మమతారాణి అరవలేదు, ఏడవలేదు. తండ్రి వైపు తిరిగి ఒక్క మాట అంది.

"ఇంకెప్పుడు నా వస్తువుల మీద చెయ్యి పెట్టకు బాపూ."

నరేశ్ పైసలు తీసుకోకుండా వేరే డిస్కు వేసి ఇచ్చాడు. ఆమె తల్లి శంకరవ్వ వాకిలి దాకా వచ్చి, "సల్లగుండు కొడుకా, నీ అసొంటి పిలగాడు ఉండడు," అని దీవించింది. ఆ దీవెన నెత్తిన పెట్టుకుని నరేశ్ వెనక్కి చూడకుండా సందు మలుపు దాటాడు.

సోమవారం మమతారాణి ఒట్టి చేతులతో షావుకారి దగ్గరికి పోయింది. నోటితో చెప్పిన అంచులను ఎవరు కొంటారు? ఆ పని సోలాపూర్ నుంచి వచ్చిన ఇంకెవరికో దొరికింది. ఆ పిల్ల మూడు నెలలు తండ్రితో మాట్లాడలేదట. తర్వాత మాట్లాడింది, తర్వాత అంచులు మళ్లీ గీయడం మొదలుపెట్టింది. ఆ సంగతి నరేశ్‌కు రెండేళ్ల దాకా తెలియదు. ఎట్లా తెలుస్తుంది, ఆ సందులోకి అడుగుపెడితే కదా! సాంచా దారాలు కొనుక్కురమ్మని తల్లి పంపినా చుట్టూ తిరిగి పోయేవాడు.

తన పెళ్లి కుదిరాక మాత్రం పోక తప్పలేదు. తండ్రి దోస్తును పిలవకపోతే మర్యాద కాదు. పత్రిక పట్టుకుని పొద్దున పదకొండింటికి పోయాడు. కరెంటు ఉంది. సందు సందంతా సాంచాల మోతతో అదిరిపోతోంది. పర్శరాములు షెడ్డు ఒక్కటే చప్పుడు లేకుండా ఉంది. ఎవరన్నా పోయారేమోననుకున్నాడు నరేశ్. లోపలికి తొంగి చూస్తే మూల బల్ల దగ్గర మమతారాణి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నాలుగు సాంచాలూ ఆగి ఉన్నాయి. వాటి మధ్య స్టూలు వేసుకుని పర్శరాములు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది కాక, సాంచాలు బంద్ పెట్టినవ్? కరెంట్ ఉన్నది కద."

"బిడ్డ కంప్యూటర్ పెట్టింది," అన్నాడు పర్శరాములు మెల్లగా. "అది రెండు గంటలు గీసుకోని లేషినంక నడిపిస్త. నువ్వు చెప్పిన కాన్నుంచి గిట్లనే."

రెండేళ్లు. రోజుకు రెండు గంటలు.

శంకరవ్వ చాయ్ గ్లాసు తెచ్చి అతని చేతిలో పెడుతూ అందుకుంది. "జర నువ్వన్న చెప్పు కొడుకా ఈ మనిషికి. వేరే లైను ఏపిచ్చినం, కరెంటాయిన వచ్చి ఏం కాదన్నడు, బిడ్డ మొత్తుకుంటున్నది. ఇంటలేడు. నరేశ్ అంతటోడు చెప్పిండు, మీకేం ఎర్క అంటడు. ఇంట్ల బల్బు పోతె కూడ పక్కింటోళ్లను పిలుస్తుండు. ఎన్నడన్న ఇట్ల ఉండెనా? చెయ్యి పెట్టుమంటె, నా చెయ్యి మంచిది కాదంటడు."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నరేశ్ ఉలిక్కిపడి చాయ్ ఒలకబోసుకున్నాడు. అప్పుడన్నా చెప్పొచ్చు. ముగ్గురూ ఎదురుగా ఉన్నారు, చప్పుడు కూడా లేదు. కానీ పెళ్లి తొమ్మిది రోజుల్లో ఉంది, పిల్లనిచ్చేవాళ్లు ఆ పక్క వాడవాళ్లే. "ఏం కాదు కాక, నడిపియ్యి," అని మాత్రం అన్నాడు. పర్శరాములు నవ్వి, "నాకు ధైర్నం లేదురా," అన్నాడు. నరేశ్ పత్రిక ఇచ్చి, బొట్టు పెట్టి, వచ్చేశాడు. ఛీ, ఏం మనిషివయ్యా అనిపిస్తుంది మనకు. నరేశ్‌కు అంతకంటే ఎక్కువే అనిపించింది. పెళ్లి పందిట్లో పర్శరాములు వచ్చి అక్షింతలు వేస్తుంటే అతను తలెత్తలేదు, సిగ్గుపడుతున్నాడని ఆడవాళ్లు నవ్వారు.

ఆ తర్వాత మమతారాణికి కరీంనగర్ సంబంధం వచ్చింది. ఇప్పుడు అక్కడ ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్ పని చేస్తుంది. గునుగు పువ్వును గడి గడిగా గీసిన చెయ్యి, పుట్టినరోజు లీడర్ల మెడల్లో దండలు అతికిస్తోంది.

నరేశ్ మాత్రం ఆ రోజు నుంచి ఒక్క కంప్యూటర్‌ను కూడా నకలు తీయకుండా తుడవలేదు. ఎవరు ఏం తెచ్చినా ముందు పక్క రేకు విప్పుతాడు, ఫ్యాను చూస్తాడు, నూగు దులుపుతాడు. "తెర మీద ఏమేం ఉన్నయ్? గుర్తు తెచ్చుకోని చెప్పున్రి," అని విసుగొచ్చేంతగా అడుగుతాడు. సాంచాల ఇండ్లలో కంప్యూటర్ల రోగం పట్టుకోవాలంటే నరేశే అని పేరు కూడా వచ్చింది. ఆ పేరు ఎవరి కడుపు కొట్టి సంపాదించుకున్నదో అతనికి తెలుసు. పాత పేరు మాత్రం పోలేదు. జనం ఒకసారి పెట్టిన పేరు మార్చుకోరు.

భార్య కావ్యకు ఒకనాడు అన్నం తింటూ తింటూ అంతా చెప్పేశాడు. బరువు దిగుతుందనుకున్నాడు. ఆమె కంచంలోంచి తలెత్తి, "నాకెందుకు చెప్తున్నవ్? నేను మాఫ్ చేస్తె అయిపోతదా?" అంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆమె ఎత్తకపోవడమే అతనికి ఎక్కువ కష్టమైంది.

మొన్న వానాకాలంలో పర్శరాములు నాలుగు సాంచాలనూ తుక్కు కింద అమ్మేశాడని విన్నాడు. నేసిన గుడ్డకు గిరాకీ లేదు, ఒంట్లో సత్తువ లేదు. విన్న వారానికే ఒక పొద్దున ఆయన దుకాణం మెట్లెక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బాగా వంగిపోయాడు. నలభై ఏళ్ల సాంచాల మోతకు చెవులు ముప్పాతిక పోయాయి, చెవి దగ్గర అరిచి చెబితే తప్ప వినపడదు. వినపడనివాళ్లందరిలాగే తాను కూడా గట్టిగా మాట్లాడతాడు.

"నరేశా! బిడ్డ మళ్ల అంచులు గీస్త అంటున్నదిరా! ఇంట్ల కూసోని చేసుకుంటదట. పాతదే మంచిది ఒకటి చూసి ఇయ్యి. గని వైరు పని మటుకు నువ్వే కరీంనగర్ దాక వచ్చి చూడాలె. అల్లుడు నన్నే గుంజుమన్నడు. నేను చెయ్యి పెట్ట బిడ్డా. ఒకసారి పెట్టి దాని బతుకు ఖరాబు చేసిన, చాలదా?"

ఏడ్చినట్టు కాదు, అంగట్లో కూరగాయల ధర చెప్పినట్టు చెప్పాడు ఆ మాట. పదేళ్లుగా ఆయన నమ్మిన మాట అది. నరేశ్ చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు.

"కాక, గది కరెంట్‌తోని పోలే," అన్నాడు.

"ఏందీ?"

"కరెంట్ కాదు కాక. నేనే."

"ఇనవడ్తలేదురా, జర గట్టిగ చెప్పు!"

దుకాణంలో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. పక్కన జిరాక్స్ దుకాణం గంగుబాయి గడప మీద నిలబడి తల దువ్వుకుంటోంది. పదేళ్లు గొంతులో దాచుకున్నదాన్ని నరేశ్ ఇప్పుడు సందంతా వినేటట్టు అరవాలి. లేకపోతే ఆ మనిషికి చేరదు. నరేశ్ ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"కరెంట్ కాదు కాకా! డిస్కు మంచిగనే ఉండె! నేనే తుడిచేసిన! చూస్కోకుంట ఫార్మాట్ కొట్టిన! ఒట్టి నూగు పట్టింది దానికి, దులిపితె అయిపోవు! నీ తీగది ఏం తప్పు లేకుండె! భయపడి నీకు అబద్ధం చెప్పిన!"

గంగుబాయి దువ్వెన ఆగిపోయింది. గిరాకీలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పర్శరాములు చాలాసేపు నరేశ్ పెదాల వైపే చూశాడు, ఇంకా ఏమన్నా వస్తుందేమోనన్నట్టు.

"మరి గప్పుడే చెప్తే అయిపోతుండె కద బిడ్డా," అన్నాడు చివరికి. "రెండు తిట్లు తిడుదును. ఒక దెబ్బ ఏద్దును. నువ్వు మా దోస్తు కొడుకువు, నిన్నేం చేస్తుంటి నేను?"

ఒక్క దెబ్బ. అంతకే భయపడి నరేశ్ ఈ మనిషి చేతులు విరిచాడు.

"ఫోన్ చెయ్యి బిడ్డకు," అన్నాడు పర్శరాములు. "నువ్వే చెప్పు. నేను చెప్తె, బాపు తన తప్పు దాసుకుంటుండు అనుకుంటది."

నరేశ్ ఫోన్ కలిపి, వినపడుతుందని స్పీకర్ పెట్టాడు. మమతారాణికి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఆనాడు దుకాణంలో ఆమె అన్న మాట, కాలేజీవాళ్ల ఫోను, నూగు, గడప దగ్గర అబద్ధం, ఏదీ దాచలేదు. అవతల ఫ్లెక్సీ మిషను చప్పుడు వినబడుతోంది. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"చెల్లే, ఉన్నవా?"

"ఉన్న." ఆమె మిషను ఆపేసి అడిగింది, "మరి బాపును నేను గంత మాట ఎందుకంటి అన్నా?"

నరేశ్ ఫోన్‌ను పర్శరాములు వైపు కాస్త జరిపాడు.

"మూడు నెలలు మాట్లాడకపోతి. అన్నం పెడితె కూడ ఆయిన దిక్కు చూడకపోతి. ముప్పై నాలుగు అంచులు నేను మళ్ల గీసుకుంట. గవి ఎట్ల వాపస్ తెస్త?" అంది. "నిన్ను తిట్టేటందుకు కూడ మనసొస్తలేదు. బాపుకు ఇయ్యి ఫోన్."

నరేశ్ ఫోన్ ఇచ్చాడు. పర్శరాములు దాన్ని మంచి చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. "ఆఁ బిడ్డా," అన్నాడు. "చెప్పు బిడ్డా. ఆఁ?" కాసేపు విని, ఫోన్‌ను తిప్పి చూసి, మళ్లీ చెవికి పెట్టుకున్నాడు.

"ఏం ఇనవస్తలేదురా. కట్టయిందా?"

"కట్ కాలే కాకా. ఏడుస్తున్నది."

"ఎందుకు?"

"నీ చేతిల తప్పు లేదని తెలిసి."

"ఏందీ?"

"నీ చేతిల తప్పు లేదు కాకా!" అని అరిచాడు నరేశ్.

పర్శరాములు ఫోన్‌ను ఒళ్లోకి దించుకున్నాడు. అందులోంచి బిడ్డ ఏడుపు సన్నగా వస్తూనే ఉంది.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఈసారి ఆయనకు వినపడిందని నరేశ్‌కు తెలుసు. అయినా లేచి నిలబడి, ఇంకా గట్టిగా చెప్పాడు.